గుంటూరు మిర్చి ఎగుమతిదారు డొమైన్ ఎలా చేజారింది: పూర్తి కేసు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల చిన్నా మధ్యస్థ వ్యాపారాలకు డొమైన్లు (అంటే ఇంటర్నెట్‌లో వాళ్ల వెబ్‌సైట్, మెయిల్ నడిచే పేర్లు), మెయిళ్లు, హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను సర్వర్‌లో ఉంచడం) చూసిపెట్టడం నా పని. ఈ కేసు గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కుటుంబ సంస్థది. వాళ్ల పేరు, డొమైన్ పేరు రాయను. మిగతాదంతా రాసుకోమని వాళ్లే అన్నారు, ఎందుకంటే మిర్చి యార్డులో తమలాంటి వాళ్లు చాలామంది ఇదే పరిస్థితిలో ఉన్నారని వాళ్లకీ తెలుసు. "రెన్యువల్ కట్టడం మర్చిపోయారంట, డొమైన్ పోయిందంట" అని ఊళ్లో చెప్పుకుంటున్నారు గానీ, జరిగింది అది కాదు. వాళ్లకు కట్టే ఉద్దేశం ఉంది, డబ్బు ఉంది, ఆటో రెన్యువల్ కూడా పెట్టి ఉంది. రిజిస్ట్రేషన్ రికార్డులో ఉన్న వివరాల్లో ఒక్కటి కూడా ఈనాటిది కాకపోవడం వల్ల పోయింది, గడువు తేదీ నాడు బయటపడింది అంతే.

ముందు సంగతేంటో చెప్తాను. తండ్రి కమీషన్ వ్యాపారంతో మొదలుపెట్టారు, తర్వాత ప్యాకెట్ కారం, ఆ తర్వాత మలేషియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌కు ఎండుమిర్చి ఎగుమతి. ఇప్పుడు కొడుకు వ్యాపారం చూస్తాడు, కోడలు అకౌంట్స్ చూస్తుంది, పెద్దాయన రోజూ ఆఫీసుకు వచ్చి కూర్చుంటారు. 2010లో డాట్ కామ్ డొమైన్ తీసుకున్నారు. దాని మీదే వెబ్‌సైట్, గూగుల్ వర్క్‌స్పేస్‌లో (ఆఫీసులకు గూగుల్ ఇచ్చే మెయిల్ సర్వీసు) పదీ పన్నెండు మెయిల్ ఐడీలు.

2025 సీజన్ గుర్తుండే ఉంటుంది. మిర్చి ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించిన ఏడాది. సరిగ్గా ఆ రోజుల్లో వీళ్లకు విదేశీ మెయిళ్లు రావడం ఆగిపోయింది. కానీ ఎవరికీ అనుమానం రాలేదు, దానికి కారణాలున్నాయి. యార్డులో బేరాలన్నీ ఫోనులో, వాట్సాప్‌లో నడుస్తాయి, మెయిల్ అవసరం డాక్యుమెంట్ల దగ్గరే. పైగా మెయిల్ పూర్తిగా చచ్చిపోలేదు. ఆఫీసులో ఒకరి నుంచి ఇంకొకరికి పంపే మెయిళ్లు వర్క్‌స్పేస్ లోపల్లోపలే తిరుగుతాయి కాబట్టి చక్కగా వస్తున్నాయి. బయటికి పంపేవి కూడా సెంట్ ఫోల్డర్‌లో కనపడుతున్నాయి. బయటి నుంచి రావాల్సినవే రావట్లేదు. ఎగుమతి డాక్యుమెంట్లు చూసే అమ్మాయి కొడుకుతో "సార్, మన మెయిల్స్ వెళ్తున్నాయి, మలేషియా ఆయనే సైలెంట్ అయిపోయాడు" అంది. ధర ఇంకా పడుతుందేమోనని బయ్యర్ ఆగాడని, లేదా వేరే పార్టీ దగ్గరికి పోయాడని వీళ్లు అనుకున్నారు. ఆ సీజన్‌లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

చివరికి ఆ బయ్యరే ఒక స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేశాడు. వీళ్లకు పంపిన మెయిల్ డెలివరీ కాలేదని తిరుగుటపాలో వచ్చిన సందేశం అది. అప్పుడు వెబ్‌సైట్ తెరిచి చూస్తే వీళ్ల సైట్ లేదు, ఏవో ప్రకటనల లింకులున్న పేజీ ఉంది.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడు వెంటనే డొమైన్ లుకప్ చేశాడు, అంటే దాని రికార్డు ఆన్‌లైన్‌లో వెతికాడు, గడువు తేదీ 2026 అని చూపించింది. "రెన్యూ అయిపోయింది సార్, సర్వర్‌లో ఏదో ప్రాబ్లం, హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెడతా" అన్నాడు. ఇక్కడ ఆ కుర్రాడిని తప్పుబట్టడానికి లేదు, ఎందుకంటే ఈ సంగతి ఈ ఫీల్డులో ఉన్నవాళ్లలోనే చాలామందికి తెలియదు. డాట్ కామ్ గడువు తీరగానే దాన్ని నడిపే రిజిస్ట్రీ, అంటే వెరిసైన్, తనంతట తానే ఏడాది పొడిగించేస్తుంది. మనం డబ్బు కట్టినా కట్టకపోయినా ఇది జరుగుతుంది. కట్టకపోతే రిజిస్ట్రార్, అంటే మనకు డొమైన్ అమ్మిన కంపెనీ, 45 రోజుల లోపు ఆ పొడిగింపును రద్దు చేసుకోవచ్చు. ఆ మధ్యకాలంలో రిజిస్ట్రీ రికార్డులో గడువు వచ్చే ఏడాదికి జరిగినట్టే కనిపిస్తుంది. అసలు సంగతి తెలియాలంటే తేదీ పక్కన ఉండే స్టేటస్ చూడాలి, అక్కడ ఆటో రెన్యూ పీరియడ్ అని ఉంటే అది ఇంకా కట్టని రెన్యువల్ కావచ్చు, వెంటనే రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి వెళ్లి చూసుకోవాలి. రిజిస్ట్రార్ సొంత రికార్డులో పాత తేదీయే ఉంటుంది. హోస్టింగ్ కంపెనీ వాళ్లు టికెట్‌కు జవాబిస్తూ "మా వైపు అంతా బాగానే ఉంది" అన్నారు, అదీ నిజమే. ఇలా విలువైన రోజులు ఖర్చయిపోయాక నాకు ఫోన్ చేశారు.

రికార్డులో ఏముంది

నేను వెళ్లి మొదట అడిగింది, రిజిస్ట్రార్ అకౌంట్ లాగిన్ ఎవరి దగ్గరుంది అని. హోస్టింగ్ లాగిన్ ఇచ్చారు, వర్క్‌స్పేస్ అడ్మిన్ లాగిన్ ఇచ్చారు. డొమైన్ కొన్న చోటి లాగిన్ ఎవరి దగ్గరా లేదు, అలాంటిది ఒకటి విడిగా ఉంటుందని కూడా వాళ్లకు తెలియదు. 2010లో బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని వెబ్‌సైట్లు కట్టిన ఒకతను కొనిపెట్టాడు. అతను ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. మంచివాడు, ఫోన్ ఎత్తాడు, తన దగ్గరున్న పాత ఇన్‌వాయిస్ వెతికి పంపాడు. 2018 మేలో యూరప్ డేటా రక్షణ చట్టం వచ్చాక యజమాని వివరాలు బయటికి చూపించడం దాదాపు ఆపేశారు కాబట్టి మామూలు లుకప్‌లో ఏమీ తేలదు. అంతకుముందైతే ఎవరైనా చూసి "అయ్యా, మీ డొమైన్‌లో పాత నంబరుంది" అని చెప్పే అవకాశం ఉండేది. ఇప్పుడు అకౌంట్‌లోకి వెళ్లినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనపడదు, అకౌంట్‌లోకి వెళ్లేవాళ్లేమో లేరు.

ఆ ఇన్‌వాయిస్, 2018కి ముందు ఎవరో భద్రపరిచిన పాత రికార్డు కాపీ పక్కపక్కన పెట్టి చూస్తే పరిస్థితి అర్థమైంది. రిజిస్ట్రెంట్, అంటే డొమైన్ ఎవరి పేరున నమోదైందో వాళ్ల పేరు దగ్గర, వెబ్‌సైట్ కట్టిన అతని పేరు. సంస్థ అనే గడిలో అప్పటి భాగస్వామ్య సంస్థ పేరు, చివర అండ్ కో అని. చిరునామా పట్నంబజారులో అప్పటి కొట్టుది. ఈమెయిల్ అప్పటి గుమస్తా గారి యాహూ ఐడీ. ఫోను ఎయిర్‌సెల్ నంబరు. ఆటో రెన్యువల్‌కు ఇచ్చింది పెద్దాయన క్రెడిట్ కార్డు.

వీటిలో ఏదీ పెట్టిన రోజున తప్పు కాదు. పట్నంబజారు కొట్టు ఖాళీ చేసి యార్డు దగ్గరికి మారారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఎలాగూ రిజిస్ట్రేషన్లన్నీ మారుతున్నాయని ఆడిటర్ సలహాతో ప్రైవేట్ లిమిటెడ్ అయ్యారు. 2018లో ఎయిర్‌సెల్ మూతపడింది, చాలామంది నంబరు పోర్ట్ చేసుకున్నారు, ఈ నంబరు గుమస్తా గారి దగ్గరుండే ఆఫీసు స్పేర్ ఫోనుది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గుమస్తా గారు వయసు మీదపడి పని మానేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు, కొన్నాళ్లకు కాలం చేశారు. ఏడాది పాటు ఎవరూ తెరవకపోతే యాహూ ఆ మెయిల్‌బాక్సును మూసేస్తుంది.

ఇక కార్డు సంగతి. డొమైన్ ఐదేళ్లకోసారి కట్టేలా పెట్టారు. 2015లో, 2020లో ఆ కార్డు నుంచే డబ్బు పోయింది, ఎవరూ ఏమీ చేయాల్సిన పని లేకపోయింది. అందుకే అందరికీ నమ్మకం. కానీ ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారాయి. 2021 అక్టోబర్ 1 నుంచి ముందుగా అనుమతి నమోదు చేయని ఆటో డెబిట్లు ఆగిపోయాయి, 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు మన కార్డు నంబరు తమ దగ్గర దాచుకోకూడదన్నారు. అప్పట్లో ఓటీటీలు ఆగిపోతే జనం వెంటనే మళ్లీ కట్టుకున్నారు, ఎందుకంటే ఆ రాత్రికే సినిమా ఆగిపోతుంది. ఐదేళ్లకోసారి కట్టే డొమైన్ విషయంలో ఆ మార్పు దెబ్బ 2025లో గానీ తగల్లేదు. నా దగ్గరికి వచ్చే రెన్యువల్ కేసుల్లో ఈ కార్డు సమస్య తరచూ కనిపిస్తుంది. 2022కు ముందు పెట్టిన ఆటో రెన్యువల్ ఏదైనా సరే, పనిచేస్తుందని నమ్మొద్దని మా కస్టమర్లకు గట్టిగా చెప్తాను.

రిజిస్ట్రార్ హెచ్చరికలు పంపలేదా అంటే, పంపాడు. డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ నిబంధన ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకటి, సుమారు వారం ముందు ఇంకొకటి, గడువు దాటాక ఐదు రోజుల్లో మరొకటి పంపి తీరాలి. ఇవి కాక, మీ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండని ఏటా ఒక మెయిల్ పంపాలన్న నిబంధన 2003 నుంచీ ఉంది. అన్నీ గుమస్తా గారి యాహూకే పోయాయి. కార్డు ఫెయిలైందన్న మెయిల్ కూడా అక్కడికే పోయింది. నిబంధన పంపమంటుంది, చేరిందో లేదో చూసే పూచీ రిజిస్ట్రార్‌ది కాదు. చేరే చిరునామా ఇవ్వడం, దాన్ని సరిగా ఉంచడం మన బాధ్యత అని ఒప్పందంలోనే ఉంటుంది. ఇంకో సంగతి, వివరాలు తప్పని తేలితే, సరిచూడమని పంపిన మెయిల్‌కు 15 రోజుల్లో జవాబు రాకపోతే, గడువు బోలెడంత ఉన్నా డొమైన్‌ను సస్పెండ్ చేయొచ్చు. వీళ్లకు అంతదాకా రాలేదు గానీ ఏ ఏడాదైనా వచ్చి ఉండేది.

పెద్దాయనకు ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచించి పొలం లెక్కలో చెప్పాను. "బాబాయ్ గారూ, పొలం మీరే దున్నుతున్నారు, శిస్తు మీరే కడుతున్నారు, కానీ పాసు పుస్తకంలో వేరేవాళ్ల పేరు, చనిపోయిన వాళ్ల చిరునామా ఉంటే రేపు అమ్మకానికైనా, లోనుకైనా ఎమ్మార్వో ఆఫీసులో ఏమంటారు?" అన్నాను. ఆయన వెంటనే కొడుకు వైపు తిరిగి "మరి మ్యుటేషన్ చేయించలేదేంరా?" అన్నారు. అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

వెనక్కి తెచ్చుకునే ప్రయత్నం

డాట్ కామ్ గడువు తీరాక వరుస ఇలా ఉంటుంది. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకో, కొంచెం ఫైన్‌తోనో రెన్యూ చేసుకోనిస్తారు. తర్వాత డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టి తీసుకోవాలి. ఆపై 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు, తర్వాత బజారులో పడుతుంది. ఇంటర్నెట్‌లో ఏ పేజీ చూసినా ఇదే రాసి ఉంటుంది, చదివినవాళ్లు దాదాపు 80 రోజులుంది కదా అని నిదానంగా ఉంటారు. అది ప్రమాదం. చాలా రిజిస్ట్రార్లు అంతదాకా రానివ్వరు. గడువు దాటిన నెలకు అటూ ఇటూగా ఆ పేరును తమ వేలంలో పెట్టేస్తారు, ఎవరైనా పాడుకుంటే డిలీట్ చేయకుండానే నేరుగా ఆ కొన్నవాడి పేరుకు మార్చేస్తారు. అప్పుడు రిడెంప్షన్ అనే మెట్టే రాదు. ఈ వెసులుబాటు వాళ్లు మనతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది, కొనేటప్పుడు టిక్ పెట్టేది దానికే.

వీళ్ల డొమైన్ 15 ఏళ్ల పాతది, పేరులో మిర్చికి సంబంధించిన ఇంగ్లీష్ మాట ఉంది, బయటి వెబ్‌సైట్ల నుంచి లింకులున్నాయి. ఇలాంటివాటి కోసమే వేలంలో కాచుకుని ఉండేవాళ్లున్నారు. మేం చూసేసరికే వేలం జాబితాలో ఉంది. డబ్బు కట్టేస్తామంటే సరిపోదా అని కొడుకు అడిగాడు. కొన్ని రిజిస్ట్రార్ల దగ్గర అకౌంట్‌తో పని లేకుండా ఎవరైనా ఏ డొమైన్‌కైనా రెన్యువల్ కట్టొచ్చు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. అకౌంట్‌లోకి వెళ్లాలి. పాస్‌వర్డ్ రీసెట్ యాహూకి పోతుంది. ఓటీపీ ఎయిర్‌సెల్‌కి పోతుంది.

మిగిలింది ఈమెయిల్ మార్పు కోసం డాక్యుమెంట్లతో అప్లై చేయడం. వెబ్‌సైట్ కట్టిన అతని పేరుంది కదా, అతని పాస్‌పోర్ట్ పంపితే చాలనుకున్నాం, అతను అదే రాత్రి పంపాడు కూడా. రిజిస్ట్రార్ ఒప్పుకోలేదు. సంస్థ అనే గడిలో పేరుంటే ఆ సంస్థే యజమాని, వ్యక్తి పేరు సంప్రదించడానికి మాత్రమే, కాబట్టి ఆ పేరుతోనే ప్రభుత్వ పత్రం కావాలన్నారు. ఒకందుకు అది మంచి నిబంధనే, లేకపోతే వెబ్‌సైట్ కట్టిన ప్రతివాడూ కస్టమర్ డొమైన్ పట్టుకుపోయేవాడు. కానీ అండ్ కో పేరుతో ఇప్పుడు ఏ పత్రం చెల్లుబాటులో ఉంది? పాన్ కొత్త కంపెనీది, జీఎస్టీ కొత్త కంపెనీది, స్పైసెస్ బోర్డు సర్టిఫికెట్ కొత్త కంపెనీది.

కోడలు ఇంట్లో బీరువా కింది అరలోంచి ఒక తాటి నార కట్ట తీసుకొచ్చింది. అందులో పాత వ్యాట్ సర్టిఫికెట్, భాగస్వామ్య ఒప్పందం, ఫర్మ్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన కాగితం, సంస్థ కంపెనీగా మారినప్పటి కాగితాలు వరసగా ఉన్నాయి. వ్యాట్ సర్టిఫికెట్ మడత దగ్గర చిరిగి, దానిమీద గుమస్తా గారు నీలం సిరాతో టిన్ నంబరు మళ్లీ రాసి పెట్టారు. స్కాన్ చేసి పంపాం. ఒప్పందం స్టాంపు పేపరు మీద తెలుగులో ఉంది, ఇంగ్లీష్ అనువాదం అడిగారు. నోటరీతో చేయించి పంపాం. పాత సంస్థే కొత్త కంపెనీ అయిందని చూపించే లింకు అడిగారు. అదీ పంపాం. ప్రతి జవాబూ అమెరికా పగటి వేళ ప్రకారం మనకు అర్ధరాత్రి దాటాక వచ్చేది, ప్రతిసారీ వేరే వ్యక్తి మొదట్నుంచీ అడిగేవాడు. చివరికి పత్రాలు సరిపోయాయి, ఈమెయిల్ మారుస్తున్నాం అని జవాబొచ్చింది. దాని కిందే ఇంకో వాక్యం, ఈ డొమైన్ వేలంలో అమ్ముడై కొనుగోలుదారుడికి బదిలీ అయింది కాబట్టి ఇకపై మీ అకౌంట్‌లో కనపడదు అని. ఖాళీ అకౌంట్ తాళం మా చేతికొచ్చింది.

డాక్యుమెంట్లు నడుస్తున్నంతసేపు వేలం ఆపమని మేం అడుగుతూనే ఉన్నాం. యాజమాన్యం మీద వివాదం రాతపూర్వకంగా వచ్చాక కూడా అమ్మకం ఆపకపోవడం అన్యాయమని నా అభిప్రాయం, ఐకాన్‌కు ఫిర్యాదు కూడా పెట్టించాను. హెచ్చరికలు నమోదైన చిరునామాకు పంపినట్టు రిజిస్ట్రార్ రుజువు చూపించాడు, ఆ ఫిర్యాదు అక్కడితో ముగిసింది.

మెయిల్ అవతలివాడి చేతిలోకి

డొమైన్ పోతే వెబ్‌సైట్ పోతుందని అందరూ బాధపడతారు. వెబ్‌సైట్ వేరే పేరు మీద రెండు రోజుల్లో లేపొచ్చు. అసలు భయం మెయిల్ గురించి. కొత్తగా కొన్నవాడు ఆ డొమైన్ మీద ఏ ఐడీకి ఏ మెయిల్ వచ్చినా తనకే చేరేలా ఒక్క సెట్టింగ్‌తో పెట్టుకోవచ్చు. అతను పెట్టాడని మాకు రుజువేం లేదు, పెడతాడనుకునే పనిచేయాలి.

ముందు వర్క్‌స్పేస్. అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు డొమైన్ తమదేనని నిరూపించడానికి డీఎన్‌ఎస్‌లో (డొమైన్‌కు వచ్చే వెబ్, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే పట్టిక) ఒక రికార్డు పెడితే గూగుల్ దాన్ని ఆధారంగా తీసుకుని అడ్మిన్ అకౌంట్ తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. అంటే డీఎన్‌ఎస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆ దారిలో రావచ్చు. 15 ఏళ్ల ఇన్‌వాయిస్‌లు, బయ్యర్ల వివరాలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఆ మెయిళ్లలో ఉన్నాయి. అందుకని ఒప్పందం కాగితాల పని ఒక పక్క నడుస్తుండగానే, వేలం ఇంకా తేలకముందే, డాట్ ఇన్ డొమైన్ ఒకటి కొని, వర్క్‌స్పేస్‌లో దాన్ని ప్రధాన డొమైన్‌గా మార్చి, అందరి ఐడీలు దాని మీదకు తెచ్చి, పాత డొమైన్‌ను పూర్తిగా తీసేశాం. ఈ కేసులో మేలు చేసిన పని ఏదైనా ఉందంటే ఇదే. డొమైన్ చేజారుతోందన్న అనుమానం వచ్చిన మొదటి రోజునే ఎవరైనా చేయాల్సిన పని కూడా ఇదే, తిరిగి వస్తుందేమో చూద్దామని ఆగకూడదు.

తర్వాత పాత మెయిల్ ఐడీ ఎక్కడెక్కడ ఇచ్చారో వెతకడం. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ, కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్, ఆహార లైసెన్సు పోర్టల్, స్పైసెస్ బోర్డు, షిప్పింగ్ లైన్ల లాగిన్లు, కొరియర్ అకౌంట్లు. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే లింకు ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. బ్యాంకుతో మొదలుపెట్టాం, కోడలు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి వచ్చింది. మిగతావన్నీ ఆమే కూర్చుని చేసింది, పాత మెయిళ్లలో ఓటీపీ, పాస్‌వర్డ్ అనే మాటలు వెతికి, ఎవరు పంపారో చూసి, ఒక్కో పోర్టల్ పేరు నోట్‌బుక్‌లో రాసుకుని మార్చి కొట్టేసింది. నేను చెప్పిన జాబితా కంటే ఆమె పట్టుకున్నవి ఎక్కువ.

బయ్యర్లకు మెయిల్‌తో చెప్పి ప్రయోజనం లేదు. కొత్త ఐడీ నుంచి వెళ్లే మెయిలే వాళ్లకు అనుమానంగా ఉంటుంది, పాత ఐడీ నుంచి రేపు ఎవడో పంపే మెయిలేమో నమ్మకంగా ఉంటుంది. పాత డొమైన్ చేతిలో ఉన్నవాడు పంపితే స్పామ్ పరీక్షలన్నీ పాసవుతుంది కూడా, సాంకేతికంగా అది అసలు మెయిలే. బ్యాంకు అకౌంట్ మారింది, ఇకపై డబ్బు ఇక్కడ వేయండి అని ఒక మెయిల్ చాలు, ఒక కంటైనర్ డబ్బు పోవడానికి. అందుకని కొడుకు ప్రతి బయ్యర్‌కీ తనకు తెలిసిన నంబరుకు వీడియో కాల్ చేసి మాట్లాడాడు, లెటర్‌హెడ్ మీద సంతకంతో వాట్సాప్‌లో పంపాడు. మా బ్యాంకు అకౌంట్ మారదు, మారిందని మెయిల్ వస్తే మాకు కాల్ చేసి గొంతు విని నిర్ధారించుకోండి అని ప్రతి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ కింద అచ్చు వేయిస్తున్నారు.

కారం ప్యాకెట్ల సంగతి నాకు తట్టలేదు, ప్యాకింగ్ యూనిట్ సూపర్‌వైజర్ గారు చెప్పారు. లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం ప్రతి ప్యాకెట్ మీదా ఫిర్యాదులకు చిరునామా, ఫోను, ఈమెయిల్ ఉండాలి. పౌచ్‌లు రోల్స్‌గా అచ్చు వేయించి పెట్టుకున్నారు, వాటన్నిటి మీదా పాత మెయిల్. కొత్త మెయిల్‌తో చిన్న స్టిక్కర్లు చేయించారు. యూనిట్‌లో ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఎడమ చేత్తో పౌచ్ చదును చేసి పట్టుకుని, ఎరుపు మీద తెల్ల స్టిక్కర్ వంకరపోకుండా అతికించడం నేను చూశాను. అప్పటికే కిరాణా కొట్లలోకి వెళ్లిపోయిన సరుకును ఏమీ చేయలేకపోయారు.

కేసు వేయొచ్చా

అందరూ అడిగే ప్రశ్న. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కులాంటి రక్షణ ఉంటుందని, పాసింగ్ ఆఫ్ (ఒకరి పేరును తనదిగా చలామణి చేసుకోవడం) కింద దావా వేయొచ్చని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. కాబట్టి హక్కు లేదని ఎవరూ అనలేరు. కానీ కొన్నవాడు ఎక్కడో విదేశంలో ఉన్నాడు, రిజిస్ట్రార్ కూడా విదేశంలోనే. రెండో దారి యూడీఆర్‌పీ, అంటే డాట్ కామ్ వివాదాలకు 1999 నుంచి ఉన్న మధ్యవర్తిత్వ పద్ధతి. జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒక్క సభ్యుడితో వినిపిస్తే ఫీజు 1,500 డాలర్లు, లాయరు ఖర్చు వేరు. అక్కడ మూడు నిరూపించాలి: పేరు మన మార్కుతో కలుస్తోందని, అవతలివాడికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నాడని. మూడూ కావాలి. వీళ్ల ట్రేడ్‌మార్కు క్లాస్ 30లో కారం బ్రాండు పేరుకు ఉంది, డొమైన్ మాత్రం సంస్థ పొడి అక్షరాలు, చిల్లీ అనే మామూలు మాట కలిపి పెట్టింది. విజయవాడలో ట్రేడ్‌మార్కు కేసులు చూసే లాయరు గారు ఫైలు చదివి, మొదటి మెట్టు దగ్గరే కష్టమన్నారు. వేలంలో కొనడం దానంతటదే దురుద్దేశం కాదు. డొమైన్ పేరూ బ్రాండు పేరూ ఒకటే అయ్యుంటే నేను కేసు వేయమనే చెప్పేవాణ్ని.

కొన్నవాడి తరఫు బ్రోకర్ ఒక ధర చెప్పాడు. ఆ డబ్బు పెట్టొచ్చని కొడుకు అభిప్రాయం, నాదీ అదే, ఎస్క్రో ద్వారా, అంటే డొమైన్ చేతికొచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచి చేద్దామన్నాను, ఎందుకంటే మెయిల్ ప్రమాదం ఒక్కసారిగా తీరిపోతుంది. పెద్దాయన ఒప్పుకోలేదు. "మన పేరు మనమే పరాయివాడి దగ్గర కొనుక్కోవడమేంటి" అన్నారు. వాళ్ల డబ్బు, వాళ్ల పేరు, నిర్ణయం వాళ్లది. డొమైన్ ఇప్పటికీ అవతలివాళ్ల దగ్గరే ఉంది.

ఇప్పుడెలా పెట్టాం

డాట్ ఇన్ ఎంచుకోవడానికి కారణం, వివాదం వస్తే డాట్ ఇన్‌ను చూసే నిక్సీ నియమించే ఆర్బిట్రేటర్ మన దేశంలో, మన చట్టం కింద వింటారు. ఈసారి డొమైన్ పేరు బ్రాండు పేరే. రిజిస్ట్రెంట్ సంస్థ దగ్గర పాన్ కార్డు మీద ఉన్నది అక్షరం తేడా లేకుండా కంపెనీ పేరు. ఈమెయిల్ మాత్రం ఆ డొమైన్ మీది కాదు, ఇది చాలామంది చేసే పొరపాటు, డొమైన్ ఆగిపోతే దాని హెచ్చరికలు అందుకునే మెయిల్ కూడా ఆగిపోతుంది. విడిగా ఒక జీమెయిల్ పెట్టాం, రెండేళ్లు తెరవకపోతే గూగుల్ దాన్నీ తీసేస్తుంది కాబట్టి అది కోడలి ఫోన్‌లో రోజూ తెరిచి ఉండే అకౌంట్. రెండో కాంటాక్టు కొడుకు. పదేళ్లకు ఒకేసారి కట్టేశారు, కానీ కట్టేశాం కదా అని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, పదేళ్లలో ఎన్ని ఫోన్లు మారతాయి, ఎంతమంది మనుషులు మారతారు.

ఎగుమతిదారులంతా ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) వివరాలు ఆన్‌లైన్‌లో నిర్ధారించాలి, లేకపోతే కోడ్ డీయాక్టివేట్ అవుతుంది. ఈ ఇంట్లో ఆ పని ఎప్పుడూ తప్పలేదు. అందుకే డొమైన్ వివరాలు చూసుకోవడాన్ని కూడా ఆ రోజుకే ముడిపెట్టాం, ఐఈసీ అయిపోగానే రిజిస్ట్రార్ అకౌంట్ తెరిచి పేరు, మెయిల్, ఫోను, కార్డు చదవడం. 2026 ఏప్రిల్‌లో మొదటిసారి చేశారు. కొడుకు ఆ మధ్య నంబరు మార్చాడట, రికార్డులో పాతదే ఉంది. కోడలు అక్కడికక్కడే మార్చి, వచ్చిన ఓటీపీ చదివి వినిపించమని కొడుకును గోడౌన్ నుంచి పిలిచింది.